తిథి నెఱిగిన అతిథి

వేసవి సెలవులు సమీపించుచున్నవనగానే మన యిండ్లలో ఒక ముచ్చట మొదలగును. ఈ యేడు సిమ్లాకు పోవుదుమా, నైనితాలుకా, డార్జిలింగునకా? రైలులో చోటు దొరకునా, బసకు రోజున కెంత, పిల్లలకు ఉన్ని దుస్తులు చాలునా, పెద్దలు కొండమెట్లు ఎక్కగలరా? ఇట్లు కాగితము నిండ లెక్కలు వ్రాసికొందుము. అవన్నియు వలసినవే. కాని యొక ప్రశ్న మాత్రము ఆ కాగితమున కానరాదు. మనము పోవు ఊరిలో, మనము పోవు నెలలో, నీరున్నదా? మన నాలుగు దినముల వాడుక ఎవరి బిందెలోనిది?

ఇది ఊహాప్రశ్న గాదు. 2018వ సంవత్సరము మే నెల చివర సిమ్లాలో కొళాయిలు ఎండిపోయినవి. అంతకు ముందటి శీతకాలమున మంచును వానయు తక్కువగుటచే ఊటలు సన్నగిల్లెను. కొన్ని పేటలకు దినముల తరబడి నీరు రాలేదు. జనులు బిందెలతో నీటిలారీల కొఱకు వరుసలు కట్టిరి. ఏటేట జరుపు వేసవి యుత్సవమును వాయిదా వేసిరి. ఇప్పుడు మా యూరికి రావలదని అచ్చటివారే కొందరు యాత్రికులను బహిరంగముగా వేడుకొనిరి. అతిథులవలన బ్రతుకు ఊరు అతిథిని రావలదని చెప్పవలసి వచ్చుటకంటె కష్టమైన మాట యేమి కలదు?

ఆ నగరపు స్థితి యెట్టిదో కొంచెము తెలిసికొనవలెను. 1864లో ఆంగ్ల ప్రభుత్వము దానిని తన వేసవి రాజధానిగా చేసికొన్నది. ఏడాదిలో కొన్ని నెలలు మాత్రము దొరలు కాపురముండుటకు తీర్చిన చిన్న యూరది. 2011 జనాభా లెక్కనాటికి అందు సుమారు లక్షా డెబ్బదివేల మంది కలరు. ఊరు కొండ వెన్నుమీద నున్నది. ఏరులు లోయలలో నున్నవి. గుమ్మా వద్దనుండి వచ్చు నీటిని యంత్రములతో వేయి మీటర్లకు పైగా ఎత్తునకు తోడవలెను. అశ్వనీ అను మఱియొక యేటిలో మురుగు కలిసి 2015-16 శీతకాలమున కామెర్లు వ్యాపించినవి. పిదప ఆ నీటిని ఊరికి పంపుట నిలిపివేసిరి. మనము త్రాగిన నీరే గాక, మనము విడిచిన నీరును లెక్కలోనికి వచ్చునని యిందువలన తెలియుచున్నది.

అతిథి శబ్దమునకు పెద్దలు చెప్పు వ్యుత్పత్తి యొకటి కలదు. తిథి నియమము లేక వచ్చువాడు అతిథి. అతడు ప్రొద్దు గ్రుంకియో, దారి తప్పియో వాకిట నిలుచును. ఇంటిలో గింజలున్నవో లేవో యతడెఱుగడు. కనుకనే పెద్దలు ధర్మభారమును గృహస్థునిపై నుంచిరి. అతిథిని దైవముగా చూడుమన్న తైత్తిరీయోపనిషత్తు బోధయు గృహస్థునకు చేయబోవువానికి చెప్పినదే. నేటి విహారయాత్రికు డట్టివాడు కాడు. ఎంతో ముందుగనే తిథిని నిర్ణయించుకొని, గదికి సొమ్ము కట్టి, తిరుగు రైలు వేళను సైతము ఎఱిగి వచ్చుచున్నాడు. తెలియక వచ్చితి ననుట యతనికి చెల్లదు. తిథిని ఎన్నుకొను స్వేచ్ఛ యెవనికి కలదో, ధర్మములో సగపాలు వానిదేయని మేము తలంచుచున్నాము.

సొమ్మిచ్చితిమి గదా, ఇంక ఋణమెక్కడిదని కొంద రనవచ్చును. ఆ సొమ్ము గదికి చెల్లినది. లోయలోని ఊట మన రూకలను చూచి పెరుగదు. కొఱత కాలమున కొనగలవాడు ముందుగా కొనును. కొనలేనివాని బిందె ఖాళీగా నుండును. ఆ బిందెను మనము చూడకపోవచ్చును. చూడనంత మాత్రమున అది నిండదు.

అట్లయిన పోవుటయే మానుదుమా? అదియు ధర్మము గాదు. కాశ్మీరమునుండి వచ్చి మన పెట్టెలను వీపున మోయు హమాలీ, హోటలులో పక్కలు పఱచు పిల్లవాడు, టీ దుకాణపు ఇల్లాలు, వీరందఱును వచ్చువారివలననే బ్రతుకుచున్నారు. మనము రాకున్న వారికి నీరు మిగులునేమో గాని అన్నము మిగులదు. కావున ప్రశ్న పోవలెనా మానవలెనా యనునది కాదు. ఎప్పుడు, ఎట్లు పోవలెననునదే.

ఈ వివేకము మనకు క్రొత్తది గాదు. మన పూర్వులు కొందఱు నాయకరాజుల కాలమున మధుర ప్రాంతమునకు పోయిరి. కొందఱు మగ్గమును నమ్ముకొని షోలాపురము చేరిరి. పోయినచోట ఆ యూరి మాటను, చెఱువు వాడుకను, మర్యాదను నేర్చుకొనిరి. కనుకనే నేడు మన మచ్చట పరాయివారము గాము. మదరాసునుండి 1830లో కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తమ యాత్రాచరిత్రలో దారి పొడుగున బసలను, బావులను, అంగళ్లను వ్రాసి యుంచిరి. పెద్ద పరివారముతో నడచువారు కనుక, ఊరు చేరగానే నీటి సంగతి వారికి మొదటి సంగతి. తరతరములుగా పరస్థలమున నిలిచిన మనము, నాలుగు దినములకు పోవుచోట ఆ పాఠమును మఱచుట న్యాయమా?

చేయవలసినది కొంచెమే. కర్ణాటకమున బడులకు దసరా సెలవు లున్నవి. ఆ యాశ్వయుజమున హిమాలయ ప్రాంతమున వానలు వెలసి ఊటలు నిండియుండును, ఆకాశము తేటపడి మంచుకొండలు చక్కగా కనబడును. వేసవిలోనే పోక తప్పనివారు బయలుదేరుటకు ముందు నీటి సంగతి విచారింపవలెను. 1903లో తెఱచిన కాల్కా రైలుబండి యుండగా ఇఱుకుదారులలోనికి మఱియొక కారును ఎక్కింపనేల? స్నానమునకు ఒక బకెట్టు చాలును. దినమున కొక యూరు చొప్పున పరుగిడుటకంటె ఒక్కచోట కుదురుగా నుండుట మేలు. మోయువాని పేరైనను అడుగుటకు తీరిక కలుగును.

సిమ్లాలో రిడ్జి యను విశాలమైన మైదానము కలదు. సాయంకాలమున యాత్రికులందఱును అచ్చట షికారు చేయుదురు. ఆ నేలక్రింద, ఆంగ్లేయుల నాడు కట్టిన తొట్టిలో, ఊరివారు త్రాగు నీరున్నది. పైన నడచువారిలో ఎందఱికో ఆ సంగతి తెలియదు. మన పిల్లలను అచ్చటికి కొనిపోయిననాడు మంచుకొండలను చూపుదము. పిదప ఒక్క నిముసము వారిని నిలిపి, కాళ్లక్రింద నేమున్నదో కూడ చెప్పుదము.