చదివింపు, లంచం: ఒక నైతిక వివేచన

పెండ్లిపందిట్లో కానుక ఇచ్చినవారి పేరు, మొత్తం పైకి చదివి పుస్తకంలో వ్రాసుకోవడం ఆచారం. కనుకనే అది ‘చదివింపు’. అందరూ విన్న కానుక లంచమెలా అవుతుందన్న వాదం ఇక్కడ పుడుతుంది. అయితే చదివింపు తిరిగి తీర్చవలసిన బాకీ కూడా.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి పురపాలక పట్టణంలో అధికారి ఇంటి పెండ్లికి ఒక కాంట్రాక్టరు చదివించాడనుకుందాం. బంధువుల బాకీని అధికారి సొంత సొమ్ముతో తీర్చగలడు. కాంట్రాక్టరు ఆశించేది మాత్రం అతని చేతిలోని ప్రజాధనాన్ని. పుంగనూరు ఒకనాటి జమీందారీ. జమీందారు తన సొత్తుకు యజమాని. పురపాలకాధికారి ప్రజల సొత్తుకు ధర్మకర్త మాత్రమే. బంధుప్రీతిలోని దోషమూ ఇదే: ఇంట ధర్మమైన ఆదరణ పరుల సొత్తుతో చేస్తే అధర్మమవుతుంది.

1988 నాటి అవినీతి నిరోధక చట్టంలోకి 2018 సవరణ ‘అనుచిత ప్రయోజనం’ అనే భావనను తెచ్చింది. నైతికంగా ఆ అనౌచిత్యాన్ని తేల్చేది కానుక విలువ కాదు, ఆ బాకీ ఎవరి సొమ్ముతో తీరుతుందన్న ప్రశ్న.