విడిచిన వస్త్రము, ఇచ్చిన వస్త్రము

పొందిక లేని ప్రసంగమును, కూర్పు కుదరని గ్రంథమును తెలుగువారు 'అతుకుల బొంత' అని ఎగతాళి చేయుదురు. అట్లు అనువారిలో పలువురు పసితనమున వెచ్చగా నిదురించినది బొంతమీదనే యన్న సంగతి ఆ సమయమున జ్ఞప్తికి రాదు. సంస్కృతమున దీనికి కంథ యని పేరు. చిప్పగిరి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములు రెండు భాషలు కలియు సీమ యగుటచే తెలుగు మాటలాడువారు బొంత యందురు, కన్నడము మాటలాడువారు కౌది యందురు. ఇంటివారు కట్టి కట్టి మెత్తబడిన నూలు బట్టలను పొరలుగా పేర్చి, పైని రంగురంగుల ముక్కలను కూర్చి, చేతితో కుట్టిన పడక యది. పరచుకొనవచ్చును, కప్పుకొనవచ్చును.

కర్నూలు జిల్లా పడమటి అంచుననున్న ఈ నల్లరేగడి పొలములలో ప్రత్తితీత ముగిసిన పిమ్మట, మృగశిర కార్తెకు తొలకరి పడువరకు స్త్రీలకు కొంత తీరిక చిక్కును. ఎండ 40 డిగ్రీలు దాటు దినములవి. బొంతలు కుట్టుటకు అవియే తగిన దినములు. తీరిక యొక్కటే దీనికి కారణము కాదు. ఉతికిన పాతబట్ట లోపలి పోగువరకు ఎండవలెను. తడి మిగిలిన గుడ్డను నాలుగైదు పొరల నడుమ బంధించినచో బూజు పట్టును, పురుగు చేరును. వేసవి యెండలో ఒక్క పూటలో బట్ట గలగల లాడునట్లు ఎండిపోవును. అందుచే ఉదయమున ఉతికి ఆరవేసి, మధ్యాహ్నము వేపచెట్టు నీడననో వసారాలోనో కూర్చుండి కుట్టుదురు.

అడుగున ఒక నిండు చీర పరతురు. దానిపై చినిగిన పంచెలు, పాత చీరలు ముడుతలు లేకుండ పేర్తురు. ఆపైని ముక్కల అమరిక. రవికగుడ్డ ఎరుపు ప్రక్కన పావడా ఆకుపచ్చ, దానికావల వెలిసిన నీలము, మూలలయందు చీరయంచు మిగిలిన పసుపు. పెద్దసూదికి రెండు మూడు పోగుల దారమెక్కించి, అంచున మొదలుపెట్టి చుట్టును తిరిగి తిరిగి నడిమికి చేరువారు కొందరు, వరుసవెంట వరుసగా నడచువారు కొందరు. కుట్టు వరుసల నడుమ వ్రేలెడు ఎడము మించరాదు. ఎడము పెరిగినచో ఉతుకులో పొరలు జారి ఒకచోట ముద్దకట్టును. బొంతకు వెచ్చదనమిచ్చునది గుడ్డ మాత్రమే కాదు. పొరలనడుమ కదలక నిలిచిన గాలియే చలిని ఆపును. పట్టు దీనికి పనికిరాదు, కుట్టులో జారును. నేటి కృత్రిమపు నూలు చీరలు అంతకన్నను పనికిరావు, చెమటను పీల్చవు. ఆదోని ప్రత్తి విపణికి పేరుపడిన పట్టణము. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారి పూనికతో నేతగాండ్ర సహకార సంఘము వెలసినది. అంత ప్రత్తి, అంత నేత గల సీమయందే గృహిణులు చినిగిన గుడ్డముక్కను పారవేయక దాచుకొనుట గమనింపదగినది. పోగు తీయుటలోని శ్రమ ఎరిగినవారికే గుడ్డ విలువ తెలియును గాబోలు.

ఇచ్చట ఒక ధర్మసందేహము కలుగుచున్నది. ఒక ఇల్లాలు ఇట్టి బొంతను కుట్టి బీదవానికో, బాటసారి యైన యాత్రికునికో ఇచ్చినదనుకొందము. అది దానమగునా? తాను కట్టి విడిచినది, ఇంటికి అక్కఱ తీరినది. దానిని ఇచ్చుటవలన ఆమెకు తరిగినదేమి?

ఈ ఆక్షేపము తేలికగా త్రోసివేయదగినది కాదు. భగవంతునికి సమర్పించు వస్త్రము ఎవ్వరును ధరింపని క్రొత్తదై యుండవలెను. పితృకార్యమునందును అంతియే. ఆచారపరులు మడికి కుట్టుబట్టనే అంగీకరింపరు. బొంత యన్ననో పాతబట్ట, అందును ఆసాంతము కుట్టు. దానికి పూజగదిలో చోటు లేదు, ఉండవలెనని ఎవ్వరును కోరలేదు. ఇక దానముల సంగతికి వచ్చినచో కఠోపనిషత్తు మొదటనే వాజశ్రవసుని యజ్ఞము కలదు. సర్వస్వమును దక్షిణగా ఇచ్చు యాగమున ఆయన పాలుడిగిన గోవులను, ఇక మేతమేయలేని గోవులను తోలించినాడు. లెక్కకు గోవులే. చూచుచున్న బాలుడు నచికేతుడు తండ్రికి కలుగబోవు గతినెంచి కలత చెందినాడు. పనికిరానిదానిని వదలించుకొని దానమని పేరుపెట్టుట ఎట్టిదో ఆ బాలునికి తెలిసినట్లు పెద్దలకు తెలియలేదు. గీతయందు పదునేడవ అధ్యాయమున అనాదరముతో, తిరస్కారముతో ఇచ్చిన దానము తామసమని భగవంతుడు స్పష్టముగా చెప్పినాడు.

కావున పాతబట్టలను మూటగట్టి వీధిలో పడవేసి 'ఎవరికైనను పనికివచ్చును' అనుకొనుట దానము కాదు. అది విడుచుట. గీత రెండవ అధ్యాయమున జీవుడు శిథిలదేహమును విడుచుటకు జీర్ణవస్త్రమును విడుచుటను ఉపమానముగా చెప్పిరి. అక్కడ ప్రస్తుతమైనది జీవుని నిత్యత్వము. విడిచిన గుడ్డ యేమగునన్న ప్రశ్న అక్కడ లేదు. ఆ ప్రశ్నకు ఈశావాస్యమున దారి దొరకును. జగత్తంతయు ఈశ్వరునిచే ఆవరింపబడినదని చెప్పి, వెంటనే ఆ ఉపనిషత్తు 'విడిచినది' అను అర్థము తోచు ఒక పదమును వాడినది. దానిని పలువురు సన్న్యాసపరముగా వ్యాఖ్యానింపగా, శ్రీమదానందతీర్థులు 'ఆయనచే ఇయ్యబడినది' అని అర్థము చెప్పిరి. అనగా అనుభవించునదంతయు హరి ఇచ్చినదే. మధ్వసిద్ధాంతమున జగత్తు సత్యము. చినిగిన చీరయును సత్యమే, హరి సొత్తే. నాది గనుక పారవేయుదునని అనుటకు గృహస్థునకు అధికారము ఎక్కడిది? ఒకే పదము నుండి విడుచుటయు ఇచ్చుటయు రెండును పుట్టినట్లే, ఒకే చింకిగుడ్డ నుండి ఆ రెండును పుట్టవచ్చును.

ద్రౌపది తన చీరకొంగు చించి కృష్ణుని వ్రేలికి కట్టెనను కథను జనులు చెప్పుకొందురు. అది వ్యాసభారతమున లేదు గనుక ఇచ్చట ప్రమాణముగా గ్రహింపనక్కఱ లేదు. కుచేలోపాఖ్యానమునకు ఆ చిక్కు లేదు, శ్రీమద్భాగవత దశమస్కంధముననే ఉన్నది. కుచేలుడను పేరునకే చిరుగుబట్టవాడని అర్థము. ద్వారకకు పోవు భర్త చేతికి ఇచ్చుటకు ఆ యిల్లాలికడ ఏమియు లేకపోయెను. ఇరుగుపొరుగు ఇండ్లలో యాచించి నాలుగు పిడికిళ్ల అటుకులు తెచ్చి, ఒక గుడ్డపీలికలో మూటగట్టినది. అటుకులు పరులవి. గుడ్డ చింకిది. ఆమెదంటూ ఉన్నది ఇల్లిల్లు తిరిగిన శ్రమయు, భర్తను వట్టిచేతులతో పంపరాదన్న తలపును మాత్రమే. ఆ మూటను ఇచ్చుటకు బ్రాహ్మణుడు సిగ్గుపడి దాచుకొనగా స్వామియే స్వయముగా లాగుకొనినాడు.

పిడికెడు పిడికెడుగా కూడబెట్టుట చిప్పగిరికి తెలియని ధర్మము కాదు. 1682లో జన్మించి 1755లో ఈ గ్రామముననే దేహము చాలించిన విజయదాసులు 'విజయవిఠల' అంకితముతో పదములను, సుళాదులను రచించిన హరిదాసులు. హరిదాసుల జీవనము మధుకరవృత్తి. గజ్జెకట్టి తంబూర పట్టి కీర్తించుచు పోగా, ఒక్కొక్క ఇంట పిడికెడు ధాన్యము జోలెలో పడును. జోలెలో పడిన పిమ్మట అది ఏ యింటి గింజ యని ఎవ్వరును వేరుచేయరు.

వంగదేశపు వైష్ణవులయందు కంథ ప్రసక్తి ఇంకను సూటిగా వచ్చును. గోదావరీతీరమున రామానందరాయలతో సంభాషించిన చైతన్యమహాప్రభువుల చరితమున, చైతన్యచరితామృతమను గ్రంథమునందు, రెండు ఘట్టములు కలవు. సనాతనగోస్వామి రాజకార్యము విడిచి కాశికి వచ్చినప్పుడు ఆయన భుజముపై విలువగల కంబళి యుండెను. ప్రభువులు మాటిమాటికి దానివైపు చూచిరి. సనాతనుడు గ్రహించి గంగాతీరమునకు పోయి, కంథను ఉతికి ఆరవేయుచున్న ఒక వంగదేశీయునితో తన కంబళిని మార్చుకొందునన్నాడు. ఆతడు పరిహాసమనుకొనినాడు. రెండవది పురిలో జరిగినది. జగదానందుడు మేలైన బట్టకు కావిరంగు వేసి, బూరుగుదూది నింపి ప్రభువులకు పడక సిద్ధము చేయగా, వారు కోపించి త్రోసివేసిరి. అప్పుడు స్వరూపదామోదరుడు ఎండిన అరటియాకులను గోళ్లతో సన్నగా చీల్చి, ప్రభువులు కట్టిన పైబట్టలలోనే నింపి పడక చేసినాడు. చాలసేపు బ్రతిమాలిన పిమ్మట దానిని స్వీకరించిరి. యతికి భోగము తగదన్నది మొదటి కారణము, సందేహము లేదు. అయినను పాత పైబట్టయు గోటితో చీల్చిన ఆకును కలిసిన పడక ప్రేమకు ఏమాత్రము లోటు కాలేదని కూడ అందువలన తేలుచున్నది.

కాగా బొంతదానమును పరీక్షించుటకు ఒక ఉపాయము కలదు. ఇచ్చువారు తమ బిడ్డను ఆ బొంతమీద పరుండబెట్టుదురా? బెట్టుదురన్నచో అది పాలిచ్చు గోవు. మంచి కంబళ్లు పెట్టెలో నుంచి, తాము ముట్టని మాసిన అతుకును పనివానికి ఇచ్చి పుణ్యము లెక్కించుకొన్నచో అది వాజశ్రవసుని మందలోనిది. పానిపట్టు మిల్లులలో దూరదేశములవారు విడిచిన ఉన్నిబట్టలను పీకి మరల నూలు తీసి చౌక కంబళ్లు నేయుచున్నారు. వానివలన బీదలకు మేలు కలుగుచున్నదే, కాని విడిచినవానికి కప్పుకొన్నవాడెవడో తెలియదు. మేలును దానమును ఒకటిగా భావింపరాదు.

ఋతువును గూర్చియు ఒక మాట. వైశాఖమునకు మాధవమాసమని పేరు. స్కాందపురాణాంతర్గతమైన వైశాఖమాహాత్మ్యము జలదానమును, గొడుగు, పాదరక్షలు, విసనకఱ్ఱ మొదలగు దానములను శ్లాఘించును. ఎండలో మాడువానికి దాహము గలవాని బాధ చెప్పనక్కఱ లేకయే తెలియును. వేసవి బొంత అట్టిది కాదు. చిప్పగిరిలో విజయదాసుల ఆరాధన కార్తిక శుద్ధ దశమినాడు జరుగును. అప్పటికి తెల్లవారుజామున చలి మొదలగును. వైశాఖమున సూది పట్టిన స్త్రీకి ఆ చలి ఆరునెలల దూరముననున్నది. మోకాళ్లపై పరచిన నాలుగు పొరల గుడ్డ ఉడుకెత్తుచుండును, చెమటకు సూది జారుచుండును. తన దేహము కోరుచున్నదానికి సరిగా విరుద్ధమైనదానిని పరునికొరకు తలపోయుట సామాన్యము కాదు. జలదానముకంటె ఇది మిన్న యని అనరాదు. దాహము ప్రాణముతో ముడిపడినది. కాని మనసు పడు శ్రమ ఇందు ఎక్కువ.

ఆ సూది ఎవరి చేతిలో నున్నదో కూడ చూడవలెను. తమ బొంత తాము కుట్టుకొను గృహిణులు తగ్గుచున్నారు. కూలికి కుట్టియిచ్చు బీదస్త్రీలకు పాతబట్టల మూట అప్పగించి, ఎండపూట వారిని వాకిట కూర్చుండబెట్టి, పని ముగిసిన తరువాత పది రూపాయలకొరకు బేరమాడుట ఉన్నదే. అట్లు కుట్టించిన బొంతను ఏకాదశినాడు యాత్రికునికి ఇచ్చినచో, ఇచ్చిన వస్త్రము పాతది, పడిన శ్రమ పరులది, తగ్గించిన కూలి తనకు మిగిలినది. ఇందు దాత ఇచ్చినదేది? కుట్టించి ఇయ్యదలచిన గృహస్థు నిర్ణయించిన కూలిని పూర్తిగా చెల్లించి, కుట్టిన స్త్రీకి మజ్జిగయో అన్నమో పెట్టి పంపి, ఆ తరువాత సంకల్పము చెప్పుకొనుట యుక్తము. పని ముగిసిన పిమ్మట మిగిలిన రంగుముక్కలను ఆమె తన బిడ్డకై అడిగినచో, వానిని ఇచ్చి కూలిలో జమకట్టరాదు.