పొందూరు నూలునందలి ఋణము

శ్రీకాకుళము జిల్లాయందలి పొందూరులో వృద్ధవనిత యొకతె వాలుగచేప దవడయెముకతో కొండపత్తిని ఏకుచుండగా, ఆ పత్తిని పండించిన కర్షకుడును, ఆ చేపను పట్టిన జాలరియు ఆమె చెంతనే యున్నట్లు నాకు తోచును. ఆ పత్తి నూలై, మగ్గమున వస్త్రమై, బండి నెక్కి ఖాదీభాండారమున నమ్ముడుపోయి, ఆ పైకము మరల విత్తనములై చేనికి చేరినప్పుడు గదా చక్రము పూర్ణమగుట! గీత తృతీయాధ్యాయమున అన్నమును, వర్షమును, యజ్ఞమును, కర్మమును ఒకదానితో నొకటి ముడివెట్టి, ఆ చక్రమును త్రిప్పక తాననుభవించువాని బ్రదుకు వ్యర్థమని చెప్పిన మాట యీ మగ్గమునకును వర్తించునని నా దృఢవిశ్వాసము. సేద్యము, పరిశ్రమ, సేవ యని అర్థశాస్త్రజ్ఞులు విభజించిన యీ మూటిలో, అంగడివాడు లేనిచో వస్త్రము మూలపడియుండును, నిజమే. కాని వాన తప్పిన యేట రైతు మోయు నష్టమున వర్తకునకుగాని, అప్పిచ్చిన బ్యాంకునకుగాని పాలు లేకుండుట నాకు ధర్మముగా తోచదు.