గుత్తి సంధి: బలహీనుడి మాటకు కట్టుబాటు ఎంత?

సమాన బలం లేని ఇద్దరి మధ్య కుదిరిన ఒప్పందం ధర్మరీత్యా ఎవరిని ఎంతవరకు కట్టిపడేస్తుందన్న ప్రశ్న రాజనీతి శాస్త్రమంత పాతది. భయం వల్ల ఇచ్చిన మాట మాటేనా, రక్షణ ఇవ్వని ప్రభువుకు విధేయత బాకీ పడుతుందా, ఒకరికి ఊడిగం చేస్తూ మరొకరితో మంతనాలాడటం ద్రోహమా లేక ప్రాణరక్షణా అన్న సంశయాలు శాస్త్రకారులకు వాదవివాదాలే కావచ్చు గానీ, పెద్ద రాజ్యాల నడుమ ఇరుక్కున్న చిన్న పాలకుడికి అవి నిత్యజీవిత సమస్యలు. 18వ శతాబ్దంలో అనంతపురం పీఠభూమి మీద, గుత్తి కోటను ఏలిన మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే చరిత్ర ఈ ప్రశ్నను పరీక్షించడానికి తెలుగునేల మీద దొరికే నిదర్శనాల్లో బహుశా అన్నిటికంటె పదునైనది.

ఆ పాలకుడి నడవడిని తూచేముందు ఆ నేలను గమనించాలి. నైరుతి ఋతుపవనాన్ని పడమటి కనుమలు అడ్డుకోవడం వల్ల, ఈశాన్య ఋతుపవనం తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి సత్తువ కోల్పోవడం వల్ల, అనంతపురం ప్రాంతంలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అదీ సమయానికి పడుతుందన్న భరోసా లేదు. చెరువు నిండిన ఏడు శిస్తు, నిండని ఏడు వలస. ఇలాంటి సీమలో భూమిశిస్తును మాత్రమే నమ్ముకుని వేల గుర్రాలను మేపడం సాధ్యం కాదు కనుక, మురారిరావు ఆదాయంలో పెద్ద భాగం చౌత్ నుంచి, అంటే పరాయి రాజ్యం రాబడిలో మరాఠాలు నాలుగోవంతుగా అడిగే కప్పం నుంచి, ఇంకా తన రౌతుదళాన్ని ఇతరుల యుద్ధాలకు బాడుగకు పంపడం నుంచి వచ్చింది. ఆయన దౌత్యాన్ని నీతి తప్పిన చాపల్యంగా చిత్రించే రచయితలు ఈ మెట్టనేల లెక్కను చాలాసార్లు మరచిపోతారు.

1741లో మరాఠా నాయకుడు రఘూజీ భోంస్లే తిరుచిరాపల్లిని పట్టుకుని ఆ కోటను మురారిరావుకు అప్పగించాడు. 1743లో హైదరాబాదు నిజాము నిజాముల్ ముల్క్ మహాసైన్యంతో దిగివచ్చేసరికి ఆయన యుద్ధం లేకుండానే కోట ఖాళీ చేసి, బదులుగా గుత్తి మీద తన అధికారానికి గుర్తింపు పొందాడు. 1751లో ఆర్కాటు కోటలో ఇంగ్లీషు సేనాని క్లైవు ముట్టడికి గురైనప్పుడు, ఇంగ్లీషువారి పక్షాన కుదుర్చుకున్న మురారిరావు దళం చాలాకాలం దూరంగానే విడిది చేసి ఉంది. కోటలోనివారు నిలబడగలరని తేలిన తరువాతే అది కదిలింది. 1753లో మైసూరు సర్వాధికారి నంజరాజుతో పాటు ఆయన ఫ్రెంచివారి పక్షానికి మారాడు. 1756లో పుణెలోని మరాఠా ప్రధాని పీష్వా, నిజాము కొడుకు సలాబత్ జంగ్, ఫ్రెంచి సేనాని బుస్సీ కలిసి సవనూరును చుట్టుముట్టినప్పుడు, ఆ కోటలోనే ఉన్న మురారిరావు ఫ్రెంచివారు తనకు బాకీపడిన జీతాల పత్రాన్ని బుస్సీకి వదులుకుని, అతని మధ్యవర్తిత్వంతో గుత్తిని నిలబెట్టుకున్నాడు. సేన చేతిలో ఉండగా రాని సొమ్ము కాగితంగా మారి కోటను కాపాడిందన్నమాట! 1768లో మళ్లీ ఇంగ్లీషువారితో చేరి మైసూరు పాలకుడు హైదరు అలీ మీదికి నడిచాడు.

ఈ వరుసను చూసి ఆయనను విశ్వాసం లేనివాడని తేల్చెయ్యడం సులువు. ఉప్పు తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టినవాడన్న నింద అలాంటివారికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అయితే మహాభారతం శాంతిపర్వంలో ఆపద్ధర్మాన్ని, అంటే ఆపత్కాలంలో మాత్రమే చెల్లే నియమాలను, బోధిస్తూ భీష్ముడు ధర్మరాజుకు చెప్పిన పలితుడనే ఎలుక కథ వేరే కొలబద్దను ఇస్తుంది. మర్రిచెట్టు కింద వేటగాడి వలలో లోమశుడనే పిల్లి చిక్కింది. నేల మీద హరితమనే ముంగిస, కొమ్మ మీద చంద్రకమనే గుడ్లగూబ ఎలుక కోసం కాచుకున్నాయి. పలితుడు పిల్లితో సంధి చేసుకుని దాని ఒడిలో దాక్కున్నాడు. బదులుగా వల తాళ్లు కొరుకుతానని మాటిచ్చాడు. మాట తప్పలేదు, కాని వేటగాడు దగ్గరికి వచ్చేదాకా చివరి తాడు తెంపలేదు, ఎందుకంటే ముందే తెంపితే పిల్లికి తీరిక దొరుకుతుంది. గండం గడిచాక స్నేహం కొనసాగిద్దామని పిల్లి ఎంత తియ్యగా పిలిచినా పోలేదు. ఈ కథ మోసాన్ని సమర్థించదు: ఎలుక అన్న పని చేసింది. బలహీనుడి మాట ఎంత పరిమితంగా ఇస్తే అంతవరకే కట్టుబాటు అని, అంతకుమించిన భక్తిని బలవంతుడు ఆ మాటలోంచి పిండుకోజాలడని మాత్రమే అది చెబుతుంది. ఆ కొలతతో చూస్తే ఆర్కాటు దగ్గర వేచి ఉండటం తప్పు కాదు. 1753లో పక్షం మార్చడాన్ని మాత్రం అంత తేలికగా విడిచిపెట్టలేం, ఎందుకంటే అక్కడ తాడు తెగకముందే ఎలుక చెట్టు మారింది.

అసలు పరీక్ష 1775-76లో వచ్చింది. బళ్లారిని లోబరుచుకున్న హైదరు గుత్తి వైపు తిరిగి కప్పం కోరాడు. మరాఠా సేనాపతిగా కప్పం వసూలు చెయ్యడమే తప్ప చెల్లించడం తనకు అలవాటు లేదన్న ధోరణిలో మురారిరావు జవాబిచ్చాడని చెబుతారు. ఆయనకు దన్నుగా కాగితాలకు లోటు లేదు. 1769లో హైదరుకు, ఇంగ్లీషువారికి మధ్య కుదిరిన మద్రాసు ఒప్పందంలో కర్ణాటక మిత్రుల వరుసలో ఆయన పేరు రాసి ఉంది. పుణె ఆయనకు స్వజాతి ప్రభుత్వం. అయితే పుణెలో పీష్వా పదవి కోసం రఘునాథరావు వారసత్వ తగాదా నడుస్తోంది, 1775 సూరతు, 1776 పురందరు ఒప్పందాల చిక్కుల్లో ఇటు పీష్వా మంత్రులు, అటు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మునిగి ఉన్నారు. మద్రాసు ఒప్పందంలోని పేరు గుత్తికి ఒక్క సిపాయిని కూడా పంపలేదు.

గుత్తి కొండ నిట్టనిలువు రాతిగుండు. పై కోటలో నీరంటే రాతిలో తొలిచిన దొనల్లో, గుంటల్లో నిలిచే వాననీరే ప్రధానం. కిందిపేట శత్రువు చేతికి చిక్కాక జనమూ పశువులూ పైకెక్కడంతో ఆ దొనలు రెండు నెలలు దాటిన ముట్టడిలో అడుగంటాయి. అప్పుడు రాయబారం మొదలై, పెద్ద మొత్తం చెల్లించేటట్టు, అందులో కొంత రొక్కంగాను వెండిబంగారు సామానుగాను ఇచ్చి మిగిలినదానికి జామీనుగా ఒక మనిషిని పంపేటట్టు ఒప్పందం కుదిరింది. జామీనుగా వెళ్లినవాడు మురారిరావు సేనాని ఒకరి కొడుకు, పడుచువాడు. మైసూరు చరిత్ర రాసిన మార్క్ విల్క్స్ కథనం ప్రకారం, హైదరు శిబిరంలో మర్యాదల మధ్య, కోటవారి పరాక్రమాన్ని పొగిడే మాటల మధ్య, నీరు కరవైంది గనుకనే లొంగామని, పైన మూడు రోజులకు మించి నీరు లేదని ఆ యువకుడు నోరు జారాడు. వెంటనే హైదరు ఇచ్చిన సామాను విలువ చాలలేదని సాకు తీసి ఒప్పందాన్ని తోసిపుచ్చి ముట్టడిని బిగించాడు. మురారిరావు లొంగిపోయి, శ్రీరంగపట్నం మీదుగా కబ్బాళదుర్గం చేరి, ఆ కొండకోటలో బందీగానే మరణించాడు.

కౌటిల్యుడి అర్థశాస్త్రం ఏడవ అధికరణంలో ఈ సన్నివేశానికి ముందే రాసిపెట్టినట్టుండే చర్చ ఒకటి ఉంది. సత్యం మీదగాని శపథం మీదగాని నిలిచిన సంధి చంచలమని, పూచీదారుతోగాని బందీగా పంపే మనిషితోగాని చేసినది స్థిరమని పూర్వాచార్యులు అన్నారు. కౌటిల్యుడు కాదన్నాడు: సత్యశపథాలతో కూడిన సంధి ఇహపరాలు రెంటిలోనూ నిలుస్తుంది, పూచీదారూ బందీ ఈ లోకానికే పనికొస్తారు, అదీ బలాన్ని బట్టి. అర్థశాస్త్రాన్ని నిష్ఠురమైన లౌక్యగ్రంథంగా చదివేవారికి ఈ మాట ఎదురుగాలిలా తగులుతుంది, కాని గుత్తిలో జరిగింది అక్షరాలా అదే. జామీను మనిషి ఒప్పందానికి ఊతం కాకపోగా దాన్ని కూల్చే వార్తకు వాహకమయ్యాడు, ఎందుకంటే అతని విలువంతా వెనక ఉన్న బలంలో ఉంది, ఆ బలమేమో దొనల్లోని నీటితో పాటే అడుగంటింది. ఇచ్చిన మాట నెరవేర్చాలన్నది ఖురాను విశ్వాసులకు విధించిన స్పష్టమైన ఆదేశం. శపథభంగం నరకహేతువని హిందూ స్మృతులూ అంటాయి. ఆ కొండ దగ్గర ఈ రెండు విశ్వాసాల మనుషులూ ఉన్నారు గాని, ఒప్పందాన్ని మోసింది మాత్రం పరలోకభయం కాదు, వెండి తూకం.

17వ శతాబ్దపు ఇంగ్లీషు తత్త్వవేత్త హాబ్స్ భయంతో చేసిన ఒడంబడిక కూడా కట్టిపడేస్తుందన్నాడు. దానితో పాటు రక్షణ ఉన్నంతవరకే విధేయత అని కూడా అన్నాడు. సామ్రాజ్యాల దౌత్యం మొదటి వాక్యాన్ని చిన్నపాలకులకు వర్తింపజేసి, రెండోదాన్ని తన వరకు వచ్చేసరికి మరచిపోతుంది. గుత్తికి దూరంగా మరో ఉదాహరణ చూద్దాం: 1899 జనవరిలో కువైట్ షేకు ముబారక్, ఒట్టోమాన్ సుల్తాను ఇచ్చిన పదవి మోస్తూనే, బ్రిటిషు ప్రతినిధి మీడ్‌తో రహస్య పత్రం మీద సంతకం చేసి, బ్రిటిషువారి సమ్మతి లేకుండా ఏ పరాయి రాజ్య ప్రతినిధినీ రానివ్వనని, అంగుళం నేల ఇవ్వనని మాటిచ్చి, 15,000 రూపాయలు పుచ్చుకున్నాడు. బాగ్దాదు రైలుమార్గాన్ని గల్ఫు దాకా పొడిగించాలని జర్మన్లు చూస్తున్న కాలమది. అయినా 1913లో బ్రిటిషువారు ఇస్తాంబుల్‌తో కుదుర్చుకుని అమలుకు రాని ఒప్పందంలో కువైట్‌ను ఒట్టోమాన్ సామ్రాజ్యంలోని స్వయంపాలక భాగమని రాసుకున్నారు. ముబారక్ నిలిచాడు, మురారిరావు కూలాడు. తేడా నీతిలో కంటె, కొనేవారి ఆవశ్యకతలో ఎక్కువగా ఉంది.

ఈ విచారణలో మురారిరావును కేవలం బాధితుడిగా నిలబెట్టడమూ న్యాయం కాదు. చౌత్ చెల్లించిన ఊళ్ల రైతులు ఏ సంధిలోనూ పక్షం కారు. వారి దృష్టిలో ఆయన పెద్ద పిల్లే. కొండ అంచున ఉన్న చిన్న మంటపంలో ఆయన చదరంగం ఆడుతూ ఖైదీలను లోయలోకి తోయించేవాడని గుత్తి జనం చెప్పుకునే కథ నిజమైనా కాకపోయినా, ఆ జ్ఞాపకం ఎవరిదో తెలుస్తూనే ఉంది. 1800 అక్టోబరులో నిజాము, హైదరు కొడుకు టిప్పు నుంచి తనకు దక్కిన ఈ జిల్లాలను తన దగ్గరుండే ఇంగ్లీషు సేన ఖర్చు కింద కంపెనీకి దత్తం చేసినప్పుడు కూడా, ఈ సీమ పాలెగాళ్లను, అంటే స్థానిక చిన్న నాయకులను గాని రైతులను గాని ఎవరూ అడగలేదు. అనంతపురం కేంద్రంగా పాలన మొదలుపెట్టిన కంపెనీ అధికారి మన్రో, సుమారు 80 మంది పాలెగాళ్ల అధికారాన్ని తుడిచిపెట్టాడు. అతని విధానం కఠినమని లండనులోని కంపెనీ డైరెక్టర్లే ఆక్షేపించారు. హైదరుకు, టిప్పుకు, నిజాముకు వరుసగా పేష్కషు, అంటే కప్పం, కట్టిన ఆ పాలెగాళ్లు కొత్త ప్రభువుకు ఏ మాటా ఇవ్వలేదు. అయినా విధేయత వారి బాకీగానే లెక్కకెక్కింది.