ముఖము చూచి బొట్టు పెట్టుట

తెలుగువారి సంభాషణలో ముఖమునకు లభించిన స్థానము మరి యే యవయవమునకును లభింపలేదు. తలపెట్టిన పని చెడినచో “నేడు ఎవరి మొగము చూచి లేచితినో” యని నొచ్చుకొందురు. తప్పు చేసినవాడు మొగము చాటు చేయును. అడిగినవానిని కాదనలేకపోవుట మొగమాటము. ఎదుటివాని అంతస్తును బట్టి మర్యాద చేయుట మొగము చూచి బొట్టు పెట్టుట. ఈ చివరి మాట నిందగానే వాడుకలో నున్నది. నిందగా వాడుచునే అందరును ఆ పని చేయుచుందురు. ఏల చేయుదురు, మానుట సాధ్యమా, మానలేనిచో ఏమి చేయదగును అనునది విచారింపదగిన విషయము.

పలమనేరు వంటి పొలిమేర పట్టణములో ఇది దినదినము కండ్లబడు సంగతి. కర్ణాటకమును, తమిళనాడును కూతవేటు దూరములోనివే యన్నట్లుండును. మెట్టెక్కి వచ్చు మనుష్యుని చూచినంతనే అంగడివాడు తెలుగున పలుకవలెనో, కన్నడమున పలుకవలెనో, అరవమున పలుకవలెనో నిశ్చయించుకొనును. పెక్కుమార్లు ఆ యూహ సరిపోవును. సరిపోనినాడు ఇద్దరును నవ్వుకొందురు; నష్టమేమియు లేదు. కాని అదే చూపుతో ఇతడు అప్పు తీర్చువాడా, ఎగవేయువాడా యని నిశ్చయించినపుడు సంగతి వేరు. భాషలో జరిగిన పొరపాటును మరుక్షణమే ఎదుటివాని నోరు దిద్దును. గుణము విషయమున జరిగిన పొరపాటును దిద్దువారెవరు? అప్పు దొరకనివానికి తాను తీర్చగలవాడనని చూపు అవకాశమే యుండదు. అందుచేత అంగడివాడు తన చూపు ఎన్నడును తప్పలేదనియే కడవరకు నమ్మును. ముఖము చూచి తీర్పు చెప్పుటలోని అసలు ప్రమాదము ఇచ్చటనే యున్నది. అది తప్పగుట కాదు, తప్పైనను తెలియకపోవుట.

ఈ తీర్పు ఎంత వేగముగా జరుగునో శాస్త్రజ్ఞులు కొలిచి చూచిరి. అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన జానైన్ విలిస్, అలెగ్జాండర్ టోడొరోవ్ అనువారు 2006లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, అపరిచితుని ముఖమును సెకనులో పదవ వంతు కాలము చూపినను చూచువారు ఇతడు నమ్మదగినవాడు, కాడు అని యొక అభిప్రాయమునకు వత్తురు. అంతకంటె ఎక్కువసేపు చూపినపుడు ఆ అభిప్రాయము పెద్దగా మారలేదట. దానిమీద వారికి గల నమ్మకము మాత్రము పెరిగెనట. అంతకు ముందు సంవత్సరము, అనగా 2005లో, టోడొరోవ్ బృందము అమెరికా సెనేటు అభ్యర్థుల చిత్రములను జతలు జతలుగా చూపి, ఇందెవరు సమర్థులని అడిగిరి. చూచువారు అభ్యర్థులను ఎరుగరు, వారి మాట వినలేదు. అయినను వారు సమర్థులని యెంచినవారే సుమారు 70 శాతము పోటీలలో గెలిచినవారైరి. ప్రజలు ముఖమునకే ఓటు వేసిరని దీనిని బట్టి తీర్మానింపరాదు గాని, ఆలోచించి వేసితిమని చెప్పుకొను ఓటు వెనుక ఆలోచన కంటె ముందు నడచునది యొకటి కలదని ఒప్పుకొనవలెను. పుట్టి కొలది కాలమైనను కాని శిశువు సయితము ముఖాకారముగ అమర్చిన గుర్తుల వైపు తల త్రిప్పునని పరిశోధనలలో తేలినది. కనుక చూపు తొందరపడుట ప్రకృతి. దానిని పాపమనుట తగదు.

అయితే ఆ తొందరపాటులో కన్ను చదువునదేమి? పలమనేరు మట్టిపనికి పేరు పొందిన యూరు. బొమ్మ చేయు కుమ్మరి తడిమట్టి ముఖమున పెదవి కొనలను గోటితో నించుక పైకెత్తినచో బొమ్మ నవ్వును. క్రిందికి దింపినచో కోపించును. మట్టికి నవ్వును లేదు, కోపమును లేదు. మనుష్యులలోను కొందరికి పెదవి కొనలు పుట్టుకతోనే క్రిందికి వంగియుండును, కొందరికి కనుబొమలు దగ్గరగా నుండును. అట్టివారిని లోకము కోపిష్ఠులనును. జీవితమంతయు కోపిష్ఠి యనిపించుకొన్నవాడు ఒకనాటికి నిజముగా కోపిష్ఠి యైనచో ఆశ్చర్యమేమి?

ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము వితంతువుది. నిన్నటివరకు పేరంటమునకు మొదటి పిలుపు అందుకొన్న స్త్రీ, భర్త గతించిన మరునాటినుండి ఎదురు రాకూడనిదగును. ఆమె కన్నులు, ముక్కు, నొసలు, నవ్వు ఏవియు మారలేదు. మారినది చూచువాని మనస్సు. అమంగళము ముఖములోనే యుండినచో నిన్నను ఉండవలెను గదా! వీరశైవమున విధవా వివాహమునకు చోటు కలదని గర్వముగా చెప్పుకొను ఇండ్లలో సయితము శుభకార్యమునకు బయలుదేరునపుడు వాకిట ఎవరు నిలిచియున్నారని తొంగిచూచుట మానినవారు కొలదిమందియే.

పండితులీ జాడ్యమునకు అతీతులని తలపరాదు. చదువుకొన్నవారు దీనికి కొలతబద్ద కూడ నిచ్చిరి. పలమనేరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో నుండిన కాలమున, అనగా 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడుటకు పూర్వము, మద్రాసు ప్రభుత్వ మ్యూజియమునకు అధిపతిగా నుండిన ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణదేశపు కులములవారి తలలను, ముక్కులను కొలిపించెను. ఆయన రంగాచారి సాయముతో 1909లో ప్రకటించిన ఏడు సంపుటములలో లింగాయతులును కలరు. బెంగాలులో హెర్బర్టు రిస్లీ అను అధికారి 1891లో ఇంకొక అడుగు ముందుకు వేసెను. ముక్కు వెడల్పును పొడవుచే భాగించి నూరుచే గుణించి, ఆ అంకె ఎంత చిన్నదో ఆ కులము హోదా అంత గొప్పదని సిద్ధాంతీకరించెను. ఎంత శ్రమ! ముక్కు వెడల్పునకు పూర్వులు నివసించిన ప్రదేశపు వేడిమితోను, గాలిలోని తేమతోను సంబంధము కలదని 2017లో వెలువడిన యొక పరిశోధన తెలుపుచున్నది. పుట్టుకను చూచి గుణమును నిర్ణయించు బుద్ధి చట్టములకును ఎక్కినది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టము, 1911లో మద్రాసు రాజధానికిని ప్రాకి, ఎరుకల వంటివారిని పోలీసు ఠాణాలో ముఖము చూపి హాజరు పలుకునట్లు చేసెను. దేశమంతట అది రద్దగుటకు 1952 వరకు పట్టినది.

ఈ సందర్భమున అష్టావక్రుని కథ అందరికిని స్ఫురించును. జనక సభలో తన వంకరలను చూచి నవ్విన పండితులను ఆ బాలుడు, చర్మమును చూచి వెలకట్టువారు చర్మకారులే గాని జ్ఞానులు కారని గేలి చేసెనని జనశ్రుతి. బడులలోను, పురాణ కాలక్షేపములలోను ఈ కథ చెప్పి అందరును తల లూపుదురు. కాని బసవేశ్వరుని అనుయాయులకు ఈ కథ ఒకచోట గొంతున అడ్డుపడవలెను. దేహమును చూచి మనిషిని తక్కువ చేయరాదని చెప్పుటకు ఇంకొక మనిషిని వృత్తిని చూచి తక్కువ చేయవలెనా? హరళయ్య చర్మకారుడే గదా! తన తొడ చర్మముతోను, ఇల్లాలి తొడ చర్మముతోను చెప్పులు కుట్టి ఆ దంపతులు బసవేశ్వరునికి సమర్పించిరనియు, ఆయన వానిని కాలికి తొడుగక తలమీద నుంచుకొనెననియు సంప్రదాయము. ఆ హరళయ్య కుమారునికే మధువరసు తన కూతునిచ్చెను. కళ్యాణపట్టణమున 12వ శతాబ్దమున జరిగిన ఆ సంబంధమునకు బిజ్జలుడు విధించిన శిక్షగా ఆ పెద్దలిద్దరి కన్నులు పెరికించిరని చెప్పుదురు. కులము చూడని కన్నులని కాబోలు, రాజునకు వానిమీద అంత కోపము!

గృహస్థు ఇచట ఒక ఆక్షేపణ చేయును. ముఖమును నమ్మరాదనుట బాగుగనే యున్నది, కాని దొంగ వచ్చిన నేమి చేయవలెను? తిరుపతి గంగమ్మ జాతర కథలో దాగియున్న పాళెగాడు దొర వేషమును చూచి నమ్మి బయటికి వచ్చియే గదా అమ్మవారి చేత చిక్కెను! ఆక్షేపణ న్యాయమైనది. దీనికి సమాధానము 13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు రచించిన బసవపురాణములో దొరకును. వంకాయలను గుడ్డలో చుట్టి లింగములవలె మెడకు కట్టుకొని కపటులు వచ్చిరి. బసవేశ్వరుడు వారికి మ్రొక్కెను, వంకాయలు లింగములైనవి. ఈ మహిమను మాత్రమే విని అమాయకత్వమును ఆదర్శమనుకొనుట తగదు. ఆ బసవేశ్వరుడే బిజ్జలుని భండారి. బొక్కసము తరిగినదని కొండెములు చెప్పినపుడు లెక్క చూపి కాసు తరుగలేదని నిరూపించినవాడు. మ్రొక్కుట వేరు, లెక్క వేరు. మర్యాద ఇచ్చుటకు ముఖపరీక్ష అక్కరలేదు, అది వచ్చినవారందరికిని చెల్లును. అప్పిచ్చుటకు, పని యప్పగించుటకు పరీక్ష కావలెను. కాని ఆ పరీక్ష నడతను చూచి చేయవలసినది, నొసలు చూచి కాదు. లోకములో దీనికి విరుద్ధముగ జరుగుచున్నది. ముఖము నచ్చినవానికి లెక్క చూడకయే ధనమిత్తురు, నచ్చనివానికి కూర్చొనుటకు పీట వేయరు.

ఇది యంతయు పెండ్లిచూపులలో పండి చేతికి వచ్చును. శిశువు తెల్లనిదా, చామనచాయదా యని విచారింపకయే గురువు లింగధారణము చేయును. ఇరువదియైదేండ్ల తరువాత ఆ లింగధారిణియే వధువు కావలసి వచ్చినపుడు మొదటి ప్రశ్న రంగును గురించియే. 1975లో అంగళ్లకు వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ అను పూతమందు 2020లో పేరు మార్చుకొని గ్లో అండ్ లవ్లీ యైనది; పెండ్లి బేరములలో మాట మారలేదు. పశువుల సంతలో రైతు ఎద్దును కొనుటకు ముందు పండ్లు పట్టి చూచును, గిట్టలు చూచును, నడిపించి చూచును. సుడి బాగుగ లేదని ఎవరైన నసిగినను పనితనము గల ఎద్దును వదులుకొనుటకు సంకోచించును. మనిషిని పశువుతో పోల్చుట అనుచితమే, సందేహము లేదు. అయినను పశువునకు దక్కు ఆ పాటి తీరిక కన్యకు దక్కుటలేదు. ఇప్పుడు పెండ్లిచూపులకు వచ్చు శ్రమయు తగ్గినది. ఫొటో సెల్‌ఫోనులో వచ్చును. వ్రేలితో ప్రక్కకు నెట్టుటకు సెకను పట్టదు. ఆ పిల్ల చదువేమి, మాట యెట్టిది, కష్టమున నిలుచునా, తాను వరుని గురించి ఏమి అడుగదలచెను, ఇవి ఎవరికిని తెలియవు.

తిరస్కరించిన యింటివారు అంగడివాని వంటివారే. తమ తీర్పు తప్పని తెలిసికొనుటకు వారికి దారి లేదు. ఆ పిల్ల మరియొక యింట కోడలై, మంచమున పడిన అత్తగారికి చేతితో అన్నము తినిపించుచున్నదని తరువాతి యేట మఠపు ఉత్సవములో ఎవరో చెప్పగా విందురు. విని, “ఆ యింటివారి యదృష్టము” అందురు. తమవాని కొరకు వచ్చిన ఇంకొక ఫొటోను చూచుటకు ఫోను తీయుదురు.