మూరెడు ఎత్తు

మా ఊళ్ళో ఒక మంచి మనిషి ఉండేది. వెటకారంగా అనడం లేదు. నిజంగానే మంచిది. మా అమ్మ వాళ్ళ పొలంలో కూలికి పోయేది. నాకు జొరమొస్తే ఆమే మాత్రలు తెప్పించి ఇచ్చేది. ఒకసారి నేను వాళ్ళ గొడ్లచావిడి పక్కన ఒళ్ళు తెలీకుండా పడుంటే చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఏమే, బిడ్డని ఇట్టా ఎండకి తీసుకొస్తావంటే?" అని మా అమ్మని కేకలేసి, ఉప్పేసి మజ్జిగ కలిపి తెచ్చింది. నేను దోసిలి పట్టాను. మూరెడు ఎత్తు నించి పోసింది. సగం నా చొక్కా మీద పడింది.

ఆ మూరెడు ఎత్తు గురించే నేను రాయాలనుకుంటున్నాను.

బి.ఎడ్.లో మాకు సైకాలజీ పేపరుండేది. సానుభూతికీ సహానుభూతికీ తేడా రాయమనేవాళ్ళు. ఎదుటివాడి బాధ చూసి అయ్యో అనుకోవడం సానుభూతి, వాడి స్థానంలో నిలబడి ఆ బాధని అనుభవించడం సహానుభూతి అని రాసి మార్కులు తెచ్చుకున్నాను. రాస్తున్నప్పుడే ఆమె గుర్తొచ్చింది. ఆమెది ఏది? కన్నీళ్ళు నిజం. ఎత్తు కూడా నిజమే. పుస్తకాల వాళ్ళు జాలిని గుండెలో కొలుస్తారు. మా ఊళ్ళో దాన్ని చెంబుకీ దోసిలికీ మధ్య కొలవాలి.

మా మాలపల్లె చర్చిలో అయ్యగారు ఏడాదికి ఒకసారైనా మంచి సమరయుడి కథ చెప్పేవారు. దొంగలు కొట్టి పడేసిన మనిషిని చూసి యాజకుడు పక్కనించి పోయాడు, లేవీయుడూ పోయాడు, సమరయుడు ఆగాడు. మీరూ దయ చూపండి అని ముగించేవారు. సమరయులంటే యూదులు పొత్తు పెట్టుకోకుండా చిన్నచూపు చూసిన జనమని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఆగినోడు మనలాంటోడే అని మాకు తెలీకుండానే పోయింది. మేమెప్పుడూ ఆ కథలో దారి పక్కన పడి ఉన్నోళ్ళమే.

అదే కథ పట్టుకుని అమెరికాలో డార్లీ, బ్యాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం ఒకటి 1973లో అచ్చయింది. ప్రిన్స్‌టన్‌లో మతవిద్య చదివే 40 మంది విద్యార్థుల్ని ఒక భవనం నించి ఇంకో భవనానికి పోయి ప్రసంగం చెయ్యమన్నారు. కొందరి ప్రసంగం ఈ సమరయుడి మీదే. దారిలో ఒకడు గుమ్మం దగ్గర కూలబడి మూలుగుతూ ఉండేట్టు ఏర్పాటు చేశారు. తొందర లేనివాళ్ళలో నూటికి 63 మంది ఆగారు. ఆలస్యమైంది, పరుగెత్తమని చెప్పినవాళ్ళలో 10 మందే. మనసులో సమరయుడున్నాడా లేడా అన్నది పెద్ద తేడా తేలేదు. ఈ ప్రయోగం నాకు నచ్చింది, మంచితనాన్ని గుండెకాయ లెక్కలోంచి తీసి దారి మీద పెట్టింది కాబట్టి. అయితే మా ఊరి రచ్చబండ మీద రోజంతా కూర్చున్నవాళ్ళకి ఏం తొందర? మా దాహం వాళ్ళకెందుకు ఆనలేదు? అక్కడ పనిచేసేది గడియారం కాదు, పక్కవాడి కళ్ళు.

1985 జులై 16న కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీళ్ళని గేదెల కుడితి బకెట్లతో పాడు చేస్తుంటే ఒక మాదిగ కుర్రాడు అడ్డం చెప్పాడు. కమ్మ యువకులు వాడి మీదికొచ్చారు. నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాడు ఊరు పల్లె మీద పడింది. ఆరుగురిని చంపారు.

ఆమె బిందె ఎందుకు ఎత్తింది? ఆ కుర్రాడి ఒంటికీ ఆమెకీ మధ్య ఎత్తు లేదు, నాకు తోచేది అంతే. ఒక మిత్రుడు అన్నాడు, సొంత మనిషిని ఆదుకుంది, అందులో గొప్పేముందని. కొట్టిపారేసే మాట కాదు. మర్నాడు కర్రలు, గొడ్డళ్ళు పట్టుకొచ్చినవాళ్ళు కూడా తమవాడి అవమానాన్ని తమ అవమానంగానే అనుభవించారు. మా సైకాలజీ పుస్తకం నిర్వచనం ప్రకారం వాళ్ళకి నిండు మార్కులెయ్యాలి. 1936లో అంబేద్కర్ 'కులనిర్మూలన'లో పట్టుకున్నది ఇదే. హిందువుకి జాలి లేదని ఆయన అనలేదు, ఆ జాలి కులం గడప దాటదన్నాడు. కాబట్టి ఎవరి బాధ పంచుకున్నారన్నది సరిపోదు. ఎవరి మీద ఏం ఎత్తారని చూడాలి. సువార్త ఎత్తింది తనకంటే బలమైనోళ్ళ మీద. దెబ్బ తన మీదికొస్తుందని తెలిసే ఎత్తింది.

కారంచేడు నించి బతికి వచ్చినోళ్ళు చీరాల చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. మాల, మాదిగ అనకుండా జనం కదిలారు. ఆ ఏడే దళిత మహాసభ పుట్టింది. ఇక్కడితో ఆపేస్తే నేను కూడా మంచోణ్ణయిపోతాను. అందుకే ఇంకొకటి రాయాలి.

నేను మాలోణ్ణి. టౌనులో కింది వాటా అద్దెకుంటున్నాను, పైన ఓనరు. ఆయన కులం అడగలేదు, నేను చెప్పలేదు. పోయిన మే నెలలో మా వీధి కాలవలు తీసే ఆమె, మాదిగామె, గేటు దగ్గర నిలబడి "సారూ, కాసిని మంచినీళ్ళియ్యి సారూ" అంది. లోపలికి పోయాను. స్టాండు నిండా స్టీలు గ్లాసులున్నాయి. నా చెయ్యి గ్లాసు దాకా పోయి, ఆగి, మూలనున్న ఖాళీ కూల్‌డ్రింకు సీసా తీసింది. నింపి ఇచ్చి, "ఉంచుకో అమ్మా, సీసా మళ్ళీ ఇవ్వక్కర్లా" అన్నాను. "సల్లగుండు సారూ" అని పోయింది.

రాత్రి నిద్ర పట్టలా. ఆ 'ఉంచుకో' ఎంత దయగా వచ్చింది నా నోటెంట! బాధపడినోడికి ఎదుటోడి బాధ దానంతటదే తెలుస్తుందని పిల్లలకి పాఠం చెప్తూ వచ్చాను. తెలుస్తుంది. దోసిట్లో తాగినోణ్ణి, నాకు తెలియక కాదు. పైన వరండాలో ఓనరు కుర్చీ ఉంది. మా ఊరి ఆమె ఎవరి కళ్ళకి జడిసి ఆ మూరెడు ఎత్తు పెట్టిందో, అత్తకో, వీధిలోవాళ్ళకో, మొదటిసారి ఆలోచించాను. క్షమించడానికి కాదు.

తర్వాత వారం ఆమె అదే సీసా పట్టుకొచ్చింది. "లోపలికి రా అమ్మా, గ్లాసుతో తాగుదువుగాని" అన్నాను. గొంతు తగ్గించే అన్నాను. ఆమె ఒకసారి పైకి చూసింది.

"వొద్దులే సారూ. ఆళ్ళు చూస్తే నీకు మాటొచ్చిద్ది."

నేనెవర్నో ఆమెకి ఎప్పట్నించి తెలుసో. సీసా ముందుకి చాపింది. నేను చెంబుతో పోశాను.