గాటు ఎంత లోతు?

మన్యంలో తపసి చెట్టు బెరడుకు గాటు పెట్టి జిగురు తీస్తాం. చిన్న గాటు పెట్టి, మానేదాకా ఆగితే చెట్టు ఏళ్ల తరబడి ఇస్తుంది. ఎక్కువకు ఆశపడి లోతుగా నరికితే ఎండిపోతుంది. ఇది తెలిసినవాడూ ఒక్కోసారి లోతుగానే నరుకుతాడు. ఆకలి ఒక కారణం. తాను ఆగితే పక్కవాడు నరుక్కుపోతాడన్న భయం ఇంకొకటి.

ఆ భయం ఒక్కడి మంచితనంతో పోదు, ఊరి కట్టుబాటుతో పోతుంది. కొత్తల పండుగ చేసేదాకా మామిడికాయ ముట్టకూడదని పెద్దలు పెట్టింది అలాంటిదే. అందరూ ఆగుతారు కాబట్టి ఎవరూ నష్టపోరు.

వాతావరణం మారిపోతోంది, అడవిని కాపాడమని ఇప్పుడు అందరూ మనకే చెబుతున్నారు. ఫ్యాక్టరీల్లో బొగ్గు మండించింది మనం కాదు. అయినా కాపాడతాం. కానీ అడవిపై హక్కు ఇవ్వకుండా ఆగమంటే అది ధర్మమా? హక్కు లేని ఓర్పు పస్తుతో సమానం. కట్టుబాటు లేని హక్కు అడవిని ఖాళీ చేస్తుంది.

2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయంపై మనకు యాజమాన్యం ఇచ్చింది. అడవిని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. దాన్ని కట్టుబాటుగా మార్చుకోవాల్సింది మనమే. గాటు ఎంత లోతు ఉండాలో, ఎన్నాళ్లు మాననివ్వాలో వచ్చే గ్రామసభలో తీర్మానం రాద్దాం. బడిలో పిల్లలకూ చెబుదాం.